నివాసానికి నేల ఎంపిక: ప్రకృతి విపత్తుల బేరీజులో దొర్లే తప్పులు
(మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్మారకోపన్యాసం)



ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు చెబితే కన్నడ దేశం కృష్ణరాజసాగరం ఆనకట్టను తలచుకుంటుంది. పూర్వీకుల ఊరైన ప్రకాశం ప్రాంతపు మోక్షగుండం ఆ పేరును ఇంటిపేరుగా ఇచ్చినందుకు గర్వపడుతుంది. హైదరాబాదు మాత్రం ఆయనకు తన ఉనికికే ఋణపడి ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు చనిపోయినవారు సుమారు పదిహేను వేల మంది అని అంచనా. ఆ మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఆహ్వానించగా వచ్చిన విశ్వేశ్వరయ్య నగరంలో ఒడ్డున నిలబడి గోడల ఎత్తు గురించి మాత్రమే ఆలోచించలేదు. నది ఎగువకు వెళ్ళి, పరీవాహక ప్రాంతాన్ని, అంటే ఏ నేల మీద పడిన వాన ఆ నదిలోకి చేరుతుందో ఆ మొత్తం నేలను పరిశీలించి, అక్కడున్న దాదాపు ఎనిమిది వందల చెరువులలో రెండు వందలకు పైగా గట్లు తెగి ఒకదాని నీరు మరొకదాని మీద పడడం వల్లే వరద అంత ఉధృతమయిందని గుర్తించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఆ పరిశీలన నుంచి పుట్టినవే. ఇంటి ముందు కనబడే నీటిని కాక, అది ఎక్కడి నుంచి ఏ దారిన వస్తుందో చూడాలన్న ఆయన పద్ధతినే ఈ ఉపన్యాసం తన దారిగా స్వీకరిస్తున్నది.

ప్రతిపాదన ఒక్కటే. ఎక్కడ నివసించాలన్న ప్రశ్న వచ్చినప్పుడు విశాఖపట్నమా, విజయవాడా, హైదరాబాదా, లేక సముద్రం దాటి కాలిఫోర్నియానా, టెక్సాసా అని జనం ఊళ్ళనూ రాష్ట్రాలనూ పోల్చుకుంటారు. ప్రకృతి విపత్తుల విషయంలో ఆ పోలిక చాలావరకు నిష్ప్రయోజనం, కొన్నిసార్లు హానికరం కూడా. రెండు నగరాల మధ్య ఉన్న తేడా కన్నా ఒకే నగరంలోని రెండు వీధుల మధ్య ఉన్న తేడా ఎక్కువ.

1. ముప్పు అనే లెక్క

విపత్తుల శాస్త్రంలో మూడు విషయాలను విడదీసి చూస్తారు. మొదటిది ఆపద: తుపాను, భూకంపం, వరద వంటి భౌతిక ఘటన. రెండవది దాని దారిలో ఉండడం: ఆ ఘటన జరిగే చోట ఎందరు మనుషులు, ఎన్ని ఇళ్ళు ఉన్నాయన్నది. మూడవది దుర్బలత్వం: దారిలో ఉన్నవారు ఆ దెబ్బకు ఎంతవరకు తట్టుకోగలరన్నది. ఈ మూడింటి గుణకారమే ముప్పు. ఏ ఒక్కటి సున్నా అయినా ఫలితం సున్నాయే. మనుషులు లేని ఇసుక దిబ్బ మీదుగా పోయిన తుపాను వాతావరణ శాఖ రికార్డులలో ఉంటుంది గాని విపత్తుల జాబితాలో ఉండదు.

స్థలం కోసం వెతికేవారు సాధారణంగా మొదటిదాన్ని మాత్రమే లెక్కిస్తారు. కోస్తాకు తుపానులు వస్తాయి, దక్కను పీఠభూమి రాతినేల, కదలదు అన్నది తెలుగు మధ్యతరగతిలో బాగా వేళ్ళూనుకున్న నమ్మకం. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, తెలంగాణ సరిహద్దుకు ఎంతో దూరం లేని మహారాష్ట్రలోని లాతూరు ప్రాంతంలో, నాటి భూకంప పటం దేశంలోకెల్లా అతి తక్కువ ప్రమాదం ఉన్నదిగా గుర్తించిన మండలంలో, భూమి కంపించి దాదాపు పదివేల మంది మరణించారు. కంపన తీవ్రత 6 పాయింట్లకు కొంచెం పైన; ప్రపంచంలో ఏటా అంతటి భూకంపాలు వందకు పైగా వస్తూనే ఉంటాయి. అక్కడ ప్రాణాలు తీసినవి బండరాళ్ళను మట్టితో పేర్చిన మందపు గోడలు, వాటి మీద వేసవి వేడి ఆపడానికి పరచిన బరువైన మట్టి మిద్దెలు. ఆపద చిన్నదే అయినా దుర్బలత్వం అపారం కావడంతో, గుణకారం అంతటి ఫలితాన్నిచ్చింది. 2002లో పటాన్ని సవరించినప్పుడు ఆ అత్యల్ప మండలాన్నే తొలగించారు. అంకె పెరిగిన కొద్దీ ప్రమాదం పెరిగే ఆ పటంలో హైదరాబాదు, విశాఖపట్నం రెండవ మండలంలోనూ, విజయవాడ, ఒంగోలు మూడవ మండలంలోనూ ఉన్నాయి. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబరులో ములుగు ప్రాంతాలలో వచ్చిన ప్రకంపనలను గుర్తుంచుకున్నవారికి ఇందులో వింత ఏమీ కనిపించదు.

కనుక భూకంపం విషయంలో ఊరి ఎంపిక కన్నా ఇంటి ఎంపిక ముఖ్యం. పిల్లర్ల మీద లేపి కింది అంతస్తును పార్కింగు కోసం గోడలు లేకుండా వదిలేసిన అపార్టుమెంట్లు రెండవ మండలంలో ఉన్నా, ఇనుము సరిగా కట్టి, నిబంధనల ప్రకారం కట్టిన మూడవ మండలపు ఇంటికన్నా ప్రమాదకరం కావచ్చు. 2001 గుజరాత్ భూకంపంలో అహ్మదాబాదులో, భూకంప కేంద్రానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, కూలిన భవనాలలో ఎక్కువ భాగం ఈ తరహావే.

2. ఏటి లెక్క, ఋణకాలపు లెక్క

ఇంజనీర్లు వాడే శతవర్ష వరద అన్న పదం శ్రోతలలో చాలామంది వినే ఉంటారు. అది నూరేళ్ళకొకసారి వచ్చే వరద అని అర్థం చేసుకుని, మొన్ననే వచ్చింది కాబట్టి ఇక మనవల కాలం దాకా రాదని ధైర్యపడేవారు ఉన్నారు. ఏ ఏడాదికా ఏడాది నూటికి ఒక వంతు అవకాశం ఉన్న వరద అన్నదే దాని అర్థం. నిరుడు వచ్చినా ఈ ఏడాది అవకాశం తగ్గదు. ఏటా నూటికి ఒకటి అంటే చాలా చిన్నదిగా తోస్తుంది. అదే ఇంట్లో ఇరవై ఏళ్ళు ఉంటే కనీసం ఒకసారైనా ఆ వరద చూసే అవకాశం నూటికి 18, ముప్పై ఏళ్ళుంటే నూటికి 26. గృహఋణం వాయిదాలు కడుతున్నవారు ఇంటికి వెళ్ళాక ఈ లెక్క వేసి చూసుకోవచ్చు, 0.99ని ముప్పైసార్లు గుణించి ఒకటిలోంచి తీసివేస్తే చాలు. బ్యాంకుకు చెల్లించే వడ్డీని పైసాతో సహా లెక్కవేసే కుటుంబం ఈ నాలుగింట ఒక వంతును లెక్కలోకి తీసుకోకపోవడం ఆశ్చర్యకరం.

ఆ నూటికి ఒకటి అన్న అంకె కూడా స్థిరమైనది కాదు. అది అందుబాటులో ఉన్న రికార్డుల నుంచి తీసిన అంచనా. 2009 అక్టోబరులో విజయవాడ ప్రకాశం బ్యారేజి వద్ద కృష్ణ 11.10 లక్షల క్యూసెక్కులతో (క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు) పారినప్పుడు, ఒక జీవితకాలంలో మళ్ళీ చూడని వరద అనుకున్నారు. పదిహేనేళ్ళు తిరగకుండా 2024 సెప్టెంబరులో 11.43 లక్షలు వచ్చింది. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో అది 75.6 అడుగులకు చేరింది. 1990లో ఒకసారి మళ్ళీ 70 దాటాక, మూడు దశాబ్దాలకు పైగా ఆ మట్టానికి చేరలేదు. అటువంటి వరద కళ్ళతో చూడని తరం పెరిగి, ఇళ్ళు కట్టుకుని, పిల్లల్ని కన్నాక 2022 జూలైలో 71.3 అడుగులకు లేచింది. ఊరి పెద్దలు గోడమీద గీసిన గీత అప్పుడే ఎందరికో మొదటిసారిగా అర్థమయింది.

3. హెచ్చరిక దొరికే వ్యవధి

ఆపదలను పోల్చేటప్పుడు ఎంత తీవ్రం అన్నదానితో సమానంగా అడగవలసిన ప్రశ్న, ఎంత ముందుగా తెలుస్తుంది అన్నది. భూకంపానికి ముందస్తు హెచ్చరిక దాదాపు శూన్యం. తుపానుకు నేడు మూడు నాలుగు రోజులు. పెద్ద నదికి ఎగువ గేజీల పుణ్యమా అని ఒకటి రెండు రోజులు. నగరంలో కుంభవృష్టికి, చెరువు గట్టు తెగడానికి గంటలు, కొన్నిసార్లు నిమిషాలు.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. 1990 మేలో అంతకు తీసిపోని తుపాను అదే తీరాన్ని తాకినప్పుడు లక్షలాది మందిని ముందే తరలించడంతో మరణాలు వెయ్యి లోపే ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖపట్నం నగరం మీదుగానే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, కొండల మీద పచ్చదనం ఒక్కరోజులో మాడిపోయినట్టయింది, రోజుల తరబడి కరెంటు లేదు, అయినా మృతుల సంఖ్య పదుల్లో ఆగింది. నలభై ఏళ్ళలోపు తీరం మారలేదు, సముద్రం మారలేదు. ప్రాణనష్టం అన్న ఖాతా, ఆస్తినష్టం అన్న ఖాతా రెండూ విడిపోయాయి. జీతం, బీమా, బయటి ఊళ్ళో చుట్టాలు ఉన్న కుటుంబానికి తుపాను నేడు ప్రధానంగా ఆస్తికి సంబంధించిన ముప్పు. సముద్రం మీద ఉన్న మత్స్యకారుడికి మాత్రం ఆ రెండు ఖాతాలు ఇంకా ఒకటే. 1996 నవంబరు కోనసీమ తుపానులో వేటకు వెళ్ళి తిరిగిరాని వారెందరో ఇందుకు సాక్ష్యం. ఫలానా ఊరు సురక్షితమా అన్న ప్రశ్నకు అడిగేవారు ఎవరన్నది తెలియకుండా జవాబు లేదు.

4. ఊరు ఒకటే, నేలలు వేరు

2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట విజయవాడలో జరిగింది ఈ ఉపన్యాసపు ప్రతిపాదనకు చక్కటి నిరూపణ. నగరం కళ్ళన్నీ కృష్ణ మీదే ఉన్నాయి. రికార్డు వరద కాబట్టి ఉండడం సహజం. ముంపు మాత్రం వెనుక నుంచి వచ్చింది. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేటికి చేరే బుడమేరు మామూలు రోజుల్లో దాటేటప్పుడు ఎవరూ తలవంచి చూడని వాగు. దాని వరదను వెలగలేరు రెగ్యులేటరు దగ్గర మళ్ళించి, ఒక కాలువ ద్వారా కృష్ణలోకి పంపే ఏర్పాటు దశాబ్దాల నాటిది. కృష్ణ తానే నిండుగా పారుతున్నప్పుడు ఆ కాలువ నీటిని ఎక్కడికి పంపాలి? గట్లకు గండ్లు పడ్డాయి, సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వంటి ప్రాంతాల్లో లక్షల మంది రోజుల తరబడి నీళ్ళలో చిక్కుకున్నారు. అదే విజయవాడలో, కొద్ది కిలోమీటర్ల దూరంలో, ఎత్తు మీద ఉన్న వీధుల వారు టీవీలో ఆ దృశ్యాలు చూశారు. విజయవాడకు వరద ముప్పు ఎంత అన్న ప్రశ్నకు ఈ రెండు వీధుల వారికీ చెల్లే ఒకే జవాబు ఎవరివ్వగలరు?

హైదరాబాదు సంగతి మరింత సూక్ష్మం. నది కన్నా ముందు అది చెరువుల నగరం. కాకతీయుల కాలం నుంచి ఈ నేల మీద అలవాటైన పద్ధతి గొలుసుకట్టు చెరువులు: పై చెరువు నిండితే అలుగు దూకి, వాగు గుండా కింది చెరువులోకి నీరు చేరుతుంది. ఆ వాగే నగరంలో నాలా అయింది. చెరువు నిండినప్పుడు మునిగే నేల, తెలంగాణలో శిఖం అని పిలిచేది, ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉంటుంది కాబట్టి ప్లాట్లు గీయడానికి అనువుగా కనిపిస్తుంది. వేసవిలో రంగురంగుల రాళ్ళు పాతి అమ్మే వెంచరులో జూలై నెల నీటి మట్టాన్ని ఎవరూ చూపించరు. చూపించమని అడిగేవారూ అరుదే. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడ్డప్పుడు, మళ్ళీ 2020 అక్టోబరులో గట్లు తెగి పాతబస్తీ దక్షిణపు కాలనీల మీదికి నీరు వచ్చినప్పుడు, ఎవరి ఇళ్ళు మునిగాయన్నది దైవాధీనంగా జరగలేదు. చెరువు దిగువన, అలుగు ఎదుట, నాలా వంపులో, శిఖంలో ఉన్నవి మునిగాయి. అర కిలోమీటరు అవతల గుట్టమీద ఉన్నవి మునగలేదు.

రాయలసీమ అంటే కరవు అనుకునేవారికి కర్నూలును ఒక్కసారి గుర్తుచేయాలి. తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉన్న ఆ నగరం 2009 అక్టోబరు 2న, ఎండాకాలాలకు పేరుమోసిన జిల్లా నడుమ, నీట మునిగింది.

పై ఉదాహరణల నుంచి స్థలం చూసేవారికి ఉపయోగపడే ప్రశ్నలు కొన్ని తేలుతాయి. నీరు ఏ దిక్కు నుంచి వచ్చి ఏ దిక్కుకు పోతుంది? ఎగువన చెరువుందా, దాని అలుగు ఎటు? పూర్తి నిండు మట్టం, అంటే ఎఫ్‌టీఎల్, ఈ సర్వే నంబరును తాకుతున్నదా? వీధి మట్టం ఇంటి గడప కన్నా ఎక్కువయిందా? ఏటా రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోవడంతో పాత ఇళ్ళు గోతిలోకి దిగిపోవడం నగరాల్లో సర్వసాధారణం. ఈ ప్రశ్నలకు జవాబులు రియల్ ఎస్టేటు కరపత్రంలో దొరకవు. వీధి చివర టీ కొట్టువాడి దగ్గర, ఎదురింట్లో పాతికేళ్ళుగా ఉంటున్న ముసలమ్మ దగ్గర దొరుకుతాయి. వానాకాలంలో, వీలయితే వాన పడుతుండగానే, వెళ్ళి చూసినవారికి కొంతవరకు కళ్ళకే కనిపిస్తాయి.

5. కాపుదల వల్ల పెరిగే ముప్పు

ఇది విశ్వేశ్వరయ్య స్మృతికి అంకితమైన సభ కాబట్టి ఆయన విజయం వెనుక వచ్చిన చిక్కును దాచడం ఆయనకు గౌరవం కాదు. అమెరికా భూగోళ శాస్త్రవేత్త గిల్బర్ట్ వైట్ 1945లో ప్రచురించిన అధ్యయనంలో ఒక విషయం గమనించారు: వరద గట్లపై ఖర్చు పెరిగిన కొద్దీ వరద నష్టం తగ్గడానికి బదులు పెరుగుతూ వచ్చింది. గట్టు కడితే చిన్న వరదలు ఆగుతాయి. అవి ఆగాయి కాబట్టి జనం గట్టు పక్కకు వస్తారు. ఎన్నో ఏళ్ళకొకసారి గట్టును మించి వచ్చే వరదకు మునుపటి కన్నా ఎక్కువ ఇళ్ళు దొరుకుతాయి.

ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాక 1908 వంటిది మూసీలో మళ్ళీ రాలేదు. విశ్వేశ్వరయ్య నది ఒడ్డున ఉద్యానాలు ఉండాలన్నారు. ఆ తరువాతి తరాలు నదిగర్భంలోకే ఇళ్ళు, బస్టాండు తెచ్చాయి. 2025 సెప్టెంబరులో జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ ప్రాంగణంలోకి నీరు రావడంలో నదిది తప్పేమీ లేదు. 

ఇదే కథ తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన టెక్సాస్‌లోని హ్యూస్టన్‌లో మరింత నాటకీయంగా జరిగింది. 1929, 1935 వరదల తరువాత నగర కేంద్రాన్ని కాపాడడానికి అక్కడి సైనిక ఇంజనీర్లు 1940లలో పశ్చిమాన ఆడిక్స్, బార్కర్ అనే రెండు జలాశయాలు కట్టారు. అవి మామూలుగా ఎండి ఉండే జలాశయాలు. గడ్డి మైదానాల్లా కనిపిస్తాయి. నీరు పూర్తిగా నిండితే పరచుకునే మేరకు నేల మొత్తాన్నీ ప్రభుత్వం కొనలేదు. కొనకుండా వదిలిన అంచుల మీద, మంచి బడులు, విశాలమైన ఇళ్ళు, అందుబాటు ధరలతో కొత్త కాలనీలు లేచాయి. కేటీ వైపు ఉన్న ఆ ప్రాంతం భారతీయ కుటుంబాలకు ఎంతో ఇష్టమైనది. 2017 ఆగస్టులో హార్వీ హరికేన్ నాలుగైదు రోజుల్లో కొన్ని చోట్ల నలభై అంగుళాలకు పైగా వాన కురిపించినప్పుడు జలాశయపు నీరు ఆ వేల ఇళ్ళలోకి వెనక్కి ఎక్కింది. అక్కడ మామూలు గృహబీమా వరదకు వర్తించదు. వరద బీమా వేరే కొనుక్కోవాలి, పటంలో నూటికి ఒకటి గీతకు బయట ఉన్నవారిని బ్యాంకులు అందుకు ఒత్తిడి చేయవు. చాలామంది కొనలేదు. జలాశయంలోనే ఇల్లు కొన్నామన్న సంగతి ఎందరికో నీళ్ళలో నిలబడ్డాకగాని తెలియలేదు.

6. జాబితాలో లేని విపత్తు

వేడిమి గురించి క్లుప్తంగా. 2015 మే నెల వడగాడ్పులకు దేశంలో రెండు వేలకు పైగా మరణించగా అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే. హుద్‌హుద్ కన్నా ఎన్నో రెట్లు ప్రాణనష్టం జరిగినా, ఫొటోకు అందే శిథిలాలు లేకపోవడంతో అది జ్ఞాపకంలో నిలవలేదు. అప్పటి జాతీయ విపత్తుల జాబితాలో చలిగాలులు ఉన్నాయి, వడగాడ్పులు లేవు. రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల కప్పు కింద ఉండే కుటుంబానికి జీవితకాలంలో అన్నింటికన్నా ఎక్కువసార్లు ఎదురయ్యే విపత్తు ఇదే. పై అంతస్తు పడమటి గదిని అద్దెకు తీసుకునేవారు కూడా దీన్ని లెక్కలో వేసుకోవాలి.

7. ఎంచుకునే వీలు, తెలుసుకునే హక్కు

ఇంతసేపు సాగిన చర్చ అంతా ఎంచుకోగలిగిన వారికి వర్తించేది. బుడమేరు కట్టమీద ఉన్నవారు అక్కడి ముప్పు తెలియక ఉండడం లేదు. పనికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో, కట్టగలిగినంత అద్దెకు మరో చోటు లేక ఉంటున్నారు. వారికి సలహా ఇవ్వడం పరిహాసమే అవుతుంది. వారి సమస్యకు పరిష్కారం గృహనిర్మాణ విధానంలో ఉంది.

ఎంచుకోగలిగినవారికైనా సమాచారం అందడం లేదన్నది రెండవ సంగతి. వరద మైదానాల్లో ఏయే నిర్మాణాలు ఉండవచ్చో నిర్ణయించే నమూనా బిల్లును కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు పంపింది. చట్టంగా మార్చుకున్న రాష్ట్రాలు వేళ్ళమీద లెక్కించగలిగినన్ని, వాటిలో తెలుగు రాష్ట్రాలు లేవు. కాలిఫోర్నియాలో 1998 నుంచి ఇల్లు అమ్మేవారు అది వరద మండలంలో ఉందో లేదో, డ్యాము తెగితే మునుగుతుందో లేదో, కార్చిచ్చు ప్రాంతమో, భూకంప భ్రంశరేఖ, అంటే భూమి పొరలు జారే పగులు, కింద ఉందో లేదో రాతపూర్వకంగా తెలపాలి. హేవార్డ్ భ్రంశరేఖ సాగే ఫ్రీమాంటులో ఇల్లు కొన్న తెలుగు ఇంజనీరు ఆ పత్రం మీద సంతకం చేసే కొంటాడు. సంతకం చేసి కూడా కొనడం అతని ఇష్టం, కాని తెలియదని అనలేడు. అతనే సెలవుల్లో స్వదేశానికి వచ్చి శంకరపల్లి దారిలో ప్లాటు కొన్నప్పుడు అలాంటి పత్రమేదీ అతని చేతికి రాదు.

ఇక్కడ స్థలం కొనే ప్రతివారూ సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఈసీ, అంటే ఆ ఆస్తి మీద ఉన్న తాకట్లు, క్రయవిక్రయాలు తెలిపే పత్రం తీసుకుంటారు. ముప్పై ఏళ్ళ అప్పులు అందులో వరుసగా ఉంటాయి. ముప్పై ఏళ్ళ నీళ్ళు ఉండవు. సమాచారం లేక కాదు. హైదరాబాదులోనే ఉన్న జాతీయ సుదూర సంవేదన కేంద్రం ప్రతి పెద్ద వరదకూ ఉపగ్రహ చిత్రాల నుంచి ముంపు పటాలు తయారుచేస్తున్నది. నీటిపారుదల శాఖ దగ్గర చెరువుల ఎఫ్‌టీఎల్ పటాలున్నాయి. రెవెన్యూ శాఖ దగ్గర సర్వే నంబర్లున్నాయి. ఈ మూడింటినీ ఒకదాని మీద ఒకటి పరచి, ఫలానా సర్వే నంబరు 2000లో, 2009లో, 2020లో, 2024లో మునిగిందా లేదా అన్న ఒక్క వరుసను ఈసీలో చేర్చడానికి కొత్త డ్యాము కట్టనవసరం లేదు. ఈ సభలో ఉన్న ఇంజనీర్లు, రెవెన్యూ అధికారులు, న్యాయవాదులు ఆ వరుస కోసం తమ తమ శాఖల్లో కాగితం కదిలించాలని మనవి.